హంసకి కన్ను లేదని

ఉక్కునగరం, విశాఖపట్నం
11 ఏప్రిల్ 2004

కామేశ్వరికి,

వదిన రాస్తోంది. ముందు పార్శిల్ విప్పి గుడ్డలు నీడలో ఆరెయ్యి, తరవాత తీరుబడిగా చదువుకో. మూడు అడ్డుతెరలు పంపుతున్నాను. బ్యాంకు ఉద్యోగం మానేసి ఖాళీగా కూర్చోలేక నా తెరలు కంప్యూటర్లో పెట్టి అమ్ముతానన్నావని చెబితే మీ అన్నయ్య పడీ పడీ నవ్వాడు. "మా చెల్లెలు చిన్నప్పుడు చింతపిక్కలు అమ్మింది, ఇప్పుడు నిన్ను అమ్ముతుంది, కాస్త చూసుకో" అన్నాడు. ఆయనకి స్టీల్‌ప్లాంటులో చేసేది తప్ప ఇంకేదీ పనిలా కనిపించదు.

నేను ఎలా వేస్తానో రాయమన్నావు కదా. ఏముంది, జీలకర్రా బెల్లం పెట్టేదాకా పిల్లకీ పిల్లాడికీ మధ్య పట్టే గుడ్డ, అది ఉత్త తెల్లగుడ్డగా ఎందుకుండాలి అనిపించి మొదలుపెట్టాను. రెండిళ్ళనుంచీ ఒక్కో వస్తువు అడుగుతాను. వాళ్ళ పెరట్లో సన్నజాజి పందిరో, వీళ్ళ తాతగారి పడక్కుర్చీయో. అటొకటి ఇటొకటి వేసి మధ్యలో రెండు హంసలు వేస్తాను. ఒక హంసకి మాత్రం కన్ను దిద్దను. పెళ్ళినాటి పొద్దున్న పిల్ల తల్లి దిద్దాలి. మా అమ్మ ముగ్గంతా తను వేసి చివరి చుక్క నన్ను పెట్టమనేది. ఆ అలవాటే ఇది, శాస్త్రమూ కాదు పాడూ కాదు.

మరి మన జ్యోతి పెళ్ళిలో ఏం చేశానో నీకు తెలుసా? "వదినా ఇటు చూడు, వదినా అటు తిరుగు" అని నువ్వు కెమెరా పట్టుకుని నన్ను బొంగరంలా తిప్పావు. ఊళ్ళోవాళ్ళందరికీ దిద్దమని చెప్పేదాన్ని, నా కూతురి తెరకి నేనే దిద్దలేదు. మొన్న ఫొటోలు వచ్చాక గాని చూసుకోలేదు. ఎవరితోనూ అనకు.

జ్యోతి మద్రాసు చేరి ఉత్తరం రాసింది. అల్లుడు అనిరుధ్ మాట తక్కువ మనిషట. మీ అన్నయ్య మాత్రం మొదట్లో మాట్లాడాడా ఏం? మీ ఆయన్ని, అన్నయ్యగారిని, అడిగానని చెప్పు. ఇకమీద ఇలాగే పార్శిల్లోనే ఉత్తరం పెడతాను, స్టాంపు కలిసొస్తుంది.

మీ వదిన
తాయారు


హైదరాబాదు
20 మే 2004

మా ఇంటి చిత్రకారిణికి,

వదినా, కూర్చున్నావా? అయితే విను. నువ్వు ఇప్పుడు ప్రపంచంలో ఉన్నావు! మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరు నడిపే అర్జునరావుగారు వారం రోజులు కూర్చుని సైటు తయారుచేశారు. పేరు 'తాయారు తెర'. వద్దంటావని ముందు చెప్పలేదు. బ్యాంకులో పాతికేళ్ళు చేసినదాన్ని, పేరుకి ఎంత విలువో నాకు తెలుసు. వస్తువుని కాదు వదినా, నమ్మకాన్ని కొంటారు జనం.

మొదటి పేజీలో ఏ బొమ్మ పెట్టామనుకున్నావు? మన జ్యోతి పెళ్ళిదే. తెర సగం దించినప్పటి ఫొటో. తెరమీద నువ్వు వేసిన లైట్‌హౌసు, వాళ్ళ కొబ్బరితోట, పైనుంచి జ్యోతి కళ్ళు రెండే కనిపిస్తాయి. అవతల అనిరుధ్ తల వంచుకుని ఉంటాడు. కింద "తెర తీయగానే సిగ్గుపడిన పెళ్ళికొడుకు" అని రాయించాను. తెరమీద నువ్వు రాసిన ఇద్దరి పేర్లూ చక్కగా చదవడానికి వస్తున్నాయి. చూసినవాళ్ళెవరైనా ముచ్చటపడాల్సిందే.

దానికింద ఎర్రక్షరాలతో ఒక మాట పెట్టాను. రాత్రంతా ఆలోచించి రాసింది. "ఈ తెర దాటిన జంట ఎడబాటు ఎరగదు." ఎలా ఉంది? నువ్వు ఇంతకాలంగా వేసినవాళ్ళలో విడిపోయినవాళ్ళు లేరు కదా. అబద్ధం ఆడలేదు, ఉన్నమాటే కాస్త గట్టిగా అన్నాను. నీ హంస కన్ను సంగతి కూడా రాయించాను. ప్రతి తెరతోనూ చిన్న సీసాలో నల్లరంగు, కుంచె పంపుతామని. అప్పుడే షికాగోనుంచి ఒకావిడ అడిగింది!

చీకూ చింతా పెట్టుకోక తెరలు వెయ్యి. మిగతాది నాకొదిలెయ్యి.

నీ ఆడపడుచు, ఇకనుంచి నీ మేనేజరు
కామేశ్వరి


ఉక్కునగరం
19 సెప్టెంబరు 2004

మేనేజరమ్మగారికి,

ఆరు తెరలు పంపుతున్నాను. నా వేళ్ళు ఇక నా మాట వినడంలేదు. అంచులు కుట్టడానికి మల్కాపురంనుంచి నూకాలు అని ఒకమ్మాయిని పెట్టుకున్నాను. మొగుడు పోర్టులో కళాసీ. మంచి పనిమంతురాలు, నోరు మాత్రం ఆగదు. డాబామీద రంగులు ఆరేస్తే ప్లాంటునుంచి నల్లదుమ్ము పడుతోందని నేను గోలపెడుతుంటే, "ఏటమ్మా, దుమ్ముకే బెంగెట్టుకుంటారేటి? మా ఇళ్ళకాడికి రండి, రిఫైనరీ కంపుకి హంసలు ఎగిరిపోతాయి" అంటుంది.

నువ్వు రాసిన మాట బాగా పనిచేస్తోంది. మా కాలనీ పొరుగు సెక్టార్లనుంచి కూడా వచ్చి, మీ చెయ్యి కలిసొచ్చే చెయ్యిటగా అని అడుగుతున్నారు. మొదట సిగ్గేసింది. అబద్ధం ఎందుకు, తరవాత బానే ఉంది. పెళ్ళయినప్పటినుంచీ గవర్రాజుగారి భార్యనే. ఇప్పుడు ఆయన్ని తాయారుగారి భర్త అంటున్నారు, ఆయన ముఖం చూడాలి!

జ్యోతి శ్రావణమాసం నోముకని వచ్చి వెళ్ళింది. కొంచెం చిక్కింది. మద్రాసు నీళ్ళు పడలేదనుకుంటా.

ఒక్క చిన్నమాట. మొదటి పేజీలో ఆ ఫొటో తీసేసి వేరేది పెట్టు. ఆ హంసకి కన్ను లేదు. చూసినవాళ్ళు నవ్వుతారు, చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదని. అన్నవరంవాళ్ళ తెర ఫొటో బావుంది, అది పెట్టు.

తాయారు


హైదరాబాదు
8 అక్టోబరు 2004

వదినా,

ఆ ఫొటో తీయడమా! అదే కదా మన లక్ష్మి. వచ్చిన ప్రతివాళ్ళూ "ఆ మొదటిదానిలాంటిదే కావాలి" అంటారు. కన్ను గురించి బెంగ వద్దు. అర్జునరావుగారు మౌసుతో టిక్కుమని కన్ను పెట్టేశారు. కాస్త పెద్దదైంది, కొంచెం పక్కకి ఒరిగింది, పనిగట్టుకుని చూస్తే తప్ప తెలియదు. చూశావా, నువ్వు మరిచిపోయింది ఆర్నెల్ల తరవాత నేను దిద్దించాను! ఇక నీ కూతురి కాపురానికి ఢోకా లేదు.

దీపావళికి పిల్లలిద్దరూ వస్తారుగా. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి మంచి ఫొటో తీయించి పంపు. 'మొదటి పండగ' అని పెడదాం. జనం ఇలాంటివి అడుగుతున్నారు. పెళ్ళయ్యాక ఎలా ఉన్నారో చూడాలంటారు.

ఇంకోమాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ ఫొటో తీసింది నేనని నీకేమైనా కష్టంగా ఉందా? ఫొటో కింద నా పేరు వేసుకోలేదే! అంతా తాయారు, తాయారు, తాయారే.

కామేశ్వరి


ఉక్కునగరం
2 మార్చి 2005

కామేశ్వరీ,

నీ పేరు పెద్దక్షరాలతో వేసుకో తల్లీ, నేను వద్దన్నానా! నీకూ నాకూ ఆ లెక్కలేమిటి?

దీపావళికి అల్లుడికి సెలవు దొరకలేదని అప్పుడే రాశాను. ఫొటో ఇంకా అడుగుతున్నావు కనక పెళ్ళి మర్నాడు తీసినది ఒకటి పంపుతున్నాను. దానికే తేదీ వేయకుండా పెట్టుకో.

రాజమండ్రినుంచి మంగాయమ్మగారని ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి తెరకి ఆర్డరు ఇస్తూ, "మొదటి బొమ్మలో ఉన్నది మీ అమ్మాయేనట కదా, కాపురం ఎలా ఉందండీ" అంది. బంగారంలా ఉందన్నాను. "అయితే మాకూ అదే చెయ్యి కావాలి" అంది. పెళ్ళిపిల్ల తల్లి కదా, ఆ గొంతులో ఆశ వింటే ఇంకేమి అనగలను?

జ్యోతి మళ్ళీ వచ్చింది, చెప్పాపెట్టకుండా. పెద్దపెట్టె నిండా బట్టలు తెచ్చుకుంది. అల్లుడు క్యాంపుకి వెళ్ళాడట. పది రోజులు ఉంటుందేమో అనుకుంటే పెళ్ళాలు మొగుళ్ళని వదిలి అన్నేసి రోజులు ఉండకూడదని నాలుగోనాడే నేనే బండెక్కించాను. కొత్తకాపురం, ఎవరికైనా సర్దుకోవడానికి ఏడాది పడుతుంది. నూకాలుకి మధ్యలో ఏం పనో, "పాపని అప్పుడే పంపీసినారా అమ్మా? పిల్ల వొచ్చిన కాణ్ణించి అన్నం ముట్టలేదు, నాను సూణ్ణేదా?" అని ఒక పూటంతా మూతి ముడుచుకుని కుట్టింది. మీ అన్నయ్య సరేసరి, స్టేషన్‌కి కూడా రాలేదు. షిఫ్టు ఉందన్నాడు. లేదని నాకు తెలుసు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. పని ఎక్కువై అలా అనిపిస్తోందిలే.

ఆ మొదటి పేజీ ఫొటో రంగు వెలిసినట్టుందని పక్కింటి కుర్రాడు చూసి చెప్పాడు. మార్చకూడదూ?

వదిన


హైదరాబాదు
27 ఆగస్టు 2006

వదినా,

ఎన్నాళ్ళయింది నువ్వు నాలుగు ముక్కలు రాసి! తెరలొస్తున్నాయి, వాటిలో ఉత్తరం ఉండటంలేదు. ఫోన్ చేస్తే మా అన్నయ్య ఎత్తి "ఉంది, పనిలో ఉంది" అని పెట్టేస్తాడు. మీ ఇద్దరూ నామీద ఏం పగబట్టారో చెప్పండి.

మన గురించి పేపర్లో పడింది, ముక్క కత్తిరించి పెట్టాను. సైటులో గెస్ట్‌బుక్ అని ఒకటి ఉంది, చూసినవాళ్ళు తమకి తోచింది అందులో రాసి వెళ్ళొచ్చు. నీ ముచ్చట కోసం అవన్నీ ప్రింటు తీయించాను. ఎంత బాగా రాశారో చూడు. ఒక్కటి మాత్రం చదివి ఒళ్ళు మండింది. ఎర్రగీత గీశాను. "మొదటి పేజీలో ఉన్న జంట కలిసి లేరు. మీరు రాసిన మాట అబద్ధం. దయచేసి ఆ ఫొటో తీసేయండి." పేరు లేదు, ఊరు లేదు!

ఎవరో మన వ్యాపారం చూసి ఓర్వలేనివాళ్ళు. పచ్చగా ఉన్న పిల్లలమీద ఆ రాతలేమిటి? వెంటనే తుడిపించేశాను. తుడిపించి ఊరుకోలేదు, మన మాటని ఇదివరకటికన్నా పెద్ద అక్షరాల్లో పెట్టించాను. చూసి కుళ్ళుకోనీ.

జ్యోతికి చెబుదామని ఫోన్ చేస్తే ఆ నంబరు లేదంటోంది. కొత్తది పంపు.

నీ కామేశ్వరి


ఉక్కునగరం
10 సెప్టెంబరు 2006

కామేశ్వరికి,

నువ్వన్నట్టే ఎవరో గిట్టనివాళ్ళై ఉంటారు. పట్టించుకోకు. అల్లుడికి ఆఫీసు మారింది, నంబరు రాగానే పంపుతాను.

ఆ ముక్క ఏ ఊరినుంచి రాశారో అర్జునరావుగారికి తెలుస్తుందా? ఊరికే అడుగుతున్నాను. ఎప్పుడు రాశారో తేదీ ఉంటే అదీ చెప్పు. ఇంకేమైనా రాశారా, ఒంట్లో బావుందనో, బాలేదనో, అలాంటిదేమైనా?

నువ్వు పంపిన కాగితాలు అన్నీ చదవలేదు. ఆ ఒక్కటే చదివాను.

కామేశ్వరీ, ఫొటో గురించి మళ్ళీ అడుగుతున్నానని విసుక్కోకు. కంప్యూటర్లో పెట్టిన ఆ కన్ను నాకు నచ్చలేదు. నా చేత్తో పెట్టింది కాదు. తీసేస్తే నాకు హాయిగా ఉంటుంది. ఇంకా రాయాలని కూర్చున్నాను గాని, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. రెండు తెరలే పంపగలిగాను.

తాయారు


హైదరాబాదు
23 జనవరి 2007

వదినగారికి,

ఎవరు ఎక్కణ్ణుంచి రాశారో తెలియదట. నాకిప్పుడు ఆ గొడవకన్నా పెద్దది వచ్చిపడింది.

మీ విశాఖపట్నంలోనే, వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లలో అచ్చు వేసిన తెరలు కట్టలు కట్టలుగా అమ్ముతున్నారని ఒకావిడ రాసింది. అదే లైట్‌హౌసు, అదే కొబ్బరితోట. మన దగ్గర కొని మోసపోయానని, తన డబ్బు తిరిగి ఇవ్వమంటోంది. అసలు గుడ్డ నీ దగ్గరో, నీ కూతురి దగ్గరో ఉంది. ఇంకెవరి దగ్గరా లేదు. రెండేళ్ళుగా ఆ ఫొటో తీసెయ్యి, తీసెయ్యి అని నువ్వెందుకు పోరుతున్నావో ఇప్పుడర్థమైంది. ఆ బొమ్మ నువ్వు వేరేగా అమ్ముకోవాలి, అంతేగా?

అడిగితే నేనే రాసిచ్చేదాన్ని వదినా. బయటివాళ్ళ నోట వినాల్సివచ్చింది.

కామేశ్వరి


ఉక్కునగరం
18 ఫిబ్రవరి 2007

కామేశ్వరీ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ముద్ద దిగలేదు. నువ్వు మెట్టిన ఇల్లు కాదు, నువ్వు పుట్టిన ఇల్లు ఇది. ఈ ఇంట్లో దొంగతనం వెతికావా?

నిన్న నూకాలు వాళ్ళ చిన్నాన్న కూతురి పెళ్ళికి మల్కాపురం వెళ్ళాను. ముహూర్తం వేళకి తెర తెచ్చి పట్టారు. చూస్తే జ్యోతి తెర! ఒక్క క్షణం నా చేత్తో వేసిందే అనుకుని దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాను. అచ్చు గుడ్డ. పేర్లు తీసేసి అక్కడ పువ్వు పెట్టారు. హంసకి కన్ను ఉంది. పెద్దది, పక్కకి ఒరిగింది. మీ అర్జునరావుగారు మౌసుతో పెట్టినది. నా గుడ్డమీద ఆ కన్ను లేదు కామేశ్వరీ. నీ సైటులో ఉన్న ఫొటో దింపుకుని అచ్చేసుకున్నారు. ఇప్పుడు చెప్పు, ఎవరు దొంగ?

నేను తెర అంచు పట్టుకుని వదలకుండా నిలబడిపోయానట. పెళ్ళివాళ్ళు కంగారుపడ్డారు. నూకాలు వచ్చి నా వేళ్ళు విడదీసింది. "వొదిలీయండమ్మా, ముహూర్తం దాటిపోతంది. మా సిన్నాన్న వన్ టౌన్లో కొనీసినాడు. మీకాడ కొనాలంటే మాలాంటోలకి అవుద్దేటి? మీ బొమ్మనే మోజు పడినాము గదా, కోప్పడకండి" అంది. కోపం కాదే అని దానికి ఎలా చెప్పను? ఆ తెర అవతల ఇంకో ఆడపిల్ల, ఆ గుడ్డనే నమ్ముకుని కూర్చుని ఉంది.

ఇకమీద తెరలు వేయను. ఆ సైటులో నా పేరు తీసెయ్యి. ఆ ఫొటో అయితే తక్షణం తీసెయ్యి. ఎందుకని అడగొద్దు.

తాయారు


హైదరాబాదు
20 ఫిబ్రవరి 2007

వదినా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఇవాళ పొద్దున్న సైటుకి ఒక మెయిలు వచ్చింది. మార్చకుండా ఇక్కడ దింపుతున్నాను.

"అత్తా, నేను జ్యోతిని. నిరుడు గెస్ట్‌బుక్‌లో రాసింది నేనే. నువ్వు తుడిపేసి ఆ అబద్ధాన్ని పెద్దది చేశావు. అమ్మ నీకు చెప్పి ఉండదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన పెళ్ళికి ముందే ఇంకొకరికి మాట ఇచ్చాడు. ఇంట్లోవాళ్ళ పోరు పడలేక నాకు తాళి కట్టాడు. ఆ ఫొటోలో తల వంచుకున్నది సిగ్గుతో కాదు. ఏడాదిన్నర ఒకే ఇంట్లో ఉన్నాం, పలకరించలేదు. నేను విశాఖలోనే మధురవాడలో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను, ఏడాది దాటింది. నాన్నకి తెలుసు. మొన్న నా పక్క సీటులో అమ్మాయికి పెళ్ళి కుదిరి తెర కోసం నీ సైటు తెరిచింది. 'ఇది నువ్వే కదా, నీకు పెళ్ళయిందా' అని అందరి ముందూ అడిగింది. ఇక చాలు అత్తా, తీసెయ్యి."

చదివిన గంటలో మొత్తం సైటే తీయించేశాను. అర్జునరావుగారు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

వన్ టౌన్ గురించి నేనన్న మాటలు నా నోట్లోంచి ఎలా వచ్చాయో తెలియదు. వాటికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను. కానీ వదినా, ఒక్క ముక్క. 'జ్యోతి కాపురం బాలేదు' అని ఒక్క ముక్క రాసి ఉంటే! నేను పరాయిదాన్నా? దాన్ని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టినదాన్ని. ఎడబాటు ఎరగదని నేను రాసిన ఆ దిక్కుమాలిన మాట నిలబెట్టడానికి దాన్ని వెనక్కి పంపావా? అదే నిజమైతే నా చేతులు విరిగిపోనూ. ఆ మాటకేం, ఇంకో మాట రాసేదాన్ని!

వెంటనే వెళ్ళి దాన్ని చూడు.

కామేశ్వరి


ఉక్కునగరం
12 మార్చి 2007

నా తల్లీ కామేశ్వరీ,

ఈసారి పార్శిల్ లేదు, ఉత్తరం ఒక్కటే.

నువ్వడిగింది నిజమే. మొదటిసారి వచ్చినప్పుడే జ్యోతి అంతా చెప్పింది. "కొన్నాళ్ళు చూడు, మగవాళ్ళు మారతారు" అన్నాను. రెండోసారి పెట్టె సర్దుకుని వచ్చింది. ఆ వారంలోనే మంగాయమ్మగారి ఫోన్. బంగారంలా ఉందని నేను అంటుంటే అది గుమ్మంలో నిలబడి వింది. ఆ సాయంత్రం తనే అడిగింది, "నేను ఇక్కడుంటే నీ తెరలు ఎవరూ కొనరా అమ్మా?" అని. లేదే, నీ మంచికోసమే అన్నాను. అలా అన్నానే గాని, సెక్టారులో అందరూ ఏమంటారో, నీ సైటు ఏమవుతుందో అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. మర్నాడు బండెక్కించాను. మూడోసారి అది అల్లుడి ఇల్లు వదిలింది గాని, మన ఇంటికి రాలేదు.

నేను నీ దగ్గర దాచాను, మీ అన్నయ్య నా దగ్గర దాచాడు. వారం వారం సెలవురోజున సింహాచలం వెళుతున్నానని చెప్పి దాని దగ్గరికి వెళ్ళేవాడట. ఏమయ్యా, ఒక్కసారైనా చెప్పకూడదా అన్నాను. "నువ్వు అడగలేదు" అన్నాడు. నిజమే, అడగలేదు. ఎక్కడుందో తెలిస్తే తీసుకురావాలి కదా, అందుకని అడగలేదు.

మొన్న ఆదివారం ఆయనే స్కూటరుమీద మధురవాడ తీసుకెళ్ళాడు. హాస్టలు మూడంతస్తులు. పైన ఒక కిటికీకి నా తెర కట్టి ఉంది. అసలుది. ఎండకి లైట్‌హౌసు సగం వెలిసిపోయింది. అది కిందకి వచ్చింది, మెడలో ఆఫీసు కార్డు వేసుకుని. "బావున్నావా అమ్మా" అంది, ఎవరో దూరపు చుట్టాన్ని అడిగినట్టు.

తెర అక్కడ కట్టావేమే అన్నాను, ఇంకేమనాలో తోచక. "మధ్యాహ్నం ఎండ పడుతుంది, పడుకోవడానికి ఉండదు. షిఫ్టు రాత్రిపూట కదా" అంది.

ఇంటికి వచ్చెయ్యి, తెరలు మానేశాను, సైటు తీసేశారు అన్నాను. "తెలుసు. నేను అడిగితే అత్త తీసింది" అంది. మళ్ళీ తనే అంది. "ఆఫీసుకి రాగానే రోజూ ముందు ఆ సైటు తెరిచేదాన్నమ్మా. ఆ ఫొటో లేకపోతే, నువ్వు తీయించావని అనుకుని, ఆ పూటే బస్సెక్కి ఇంటికి వచ్చేద్దామని. రోజూ ఉండేది."

అప్పుడు నేను దాని చెయ్యి పట్టుకున్నాను. "నేను అడిగానే తల్లీ. ఒకసారి కాదు, ఎన్నిసార్లు రాశానో మీ అత్తని అడుగు. తీసెయ్యమని ప్రతి ఉత్తరంలో రాశాను" అన్నాను.

దాని ముఖం ఒక్కసారిగా చిన్నపిల్ల ముఖం అయింది కామేశ్వరీ. నోము కోసం వచ్చినప్పటి ముఖం. "రాశావా? ఏమని రాశావమ్మా?" అంది.

నీ దగ్గర ఆ ఉత్తరాలు ఉండే ఉంటాయి. తీసి చూడు, ఒక్కదాంట్లోనైనా దాని గురించి రాశానేమో. అక్కడ గేటు దగ్గర నిలబడి ఎంత వెతుక్కున్నా నాకు దొరకలేదు.

"హంసకి కన్ను లేదని రాశానే" అన్నాను.

అది నన్ను కోప్పడలేదు. చెయ్యి మెల్లగా విడిపించుకుని, "నిద్ర రావాలమ్మా, రాత్రికి డ్యూటీ ఉంది" అని మెట్లెక్కింది. పైన కిటికీ దగ్గర తెర కొంచెం కదిలింది. అదే జరిపిందో, గాలికో తెలియలేదు. మీ అన్నయ్య స్కూటరు తిప్పి పెట్టుకుని చాలాసేపు నన్ను పిలవలేదు.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళతాను. అది రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నువ్వు కూడా ఒకసారి వచ్చి చూడు, నీతో అయితే మాట్లాడుతుంది.

తాయారు